ఏ ఊరి కిమ్?

మంగళవారం పదకొండు గంటలప్పుడు ఆ అబ్బాయి దుకాణంలోకి వచ్చేసరికి హఫీజా ఒక పాత కోటు అస్తరు విప్పుతోంది. ఏళ్ళ తరబడి ఇస్త్రీ పడీ పడీ దారం గుడ్డకు అతుక్కుపోయింది. ఒక్కో కుట్టు కింద కత్తిమొన దూర్చి, నేత చెదరకుండా పైకి లేపి తెంపాలి. తలుపు గంట మోగినా ఆమె తలెత్తలేదు. వెనక ఇస్త్రీబల్ల దగ్గర ఆవిరి చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అప్పుడు చూసింది.

అబ్బాయికి ముప్పై లోపే ఉంటాయి. తెల్ల చొక్కా, మెడలో బ్యాంకు కార్డు. మోచేతి మీద మడతపెట్టిన నల్ల ప్యాంటు, రెండు చేతుల్లో అట్టపెట్టె. పెట్టె కిందికి దించకుండానే మోచేయి వంచి ప్యాంటును కౌంటర్ మీదికి జార్చాడు.

హియో ఇస్త్రీబల్ల వదిలి వచ్చాడు. దుకాణం ఆయనదే. అరవై ఏడేళ్ళ మనిషి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ప్యాంటు కాలు కొలిచి, అబ్బాయి అడిగినట్టు నాలుగు సెంటీమీటర్లు తగ్గించాలని సుద్దతో గీత గీశాడు. చీటీ తీసి 'కిమ్' అని రాశాడు. రాసి, పెన్సిలు గాలిలో ఆపి, అబ్బాయి మొహంలోకి చూశాడు.

ఆ దుకాణంలో ప్రతి బట్టకూ ఒక చీటీ. సిడ్నీలో కాంప్సీ స్టేషన్‌కి ఎదురు వీధి కాబట్టి వచ్చేవాళ్ళలో సగం మంది కొరియావాళ్ళే. వాళ్ళలో ఐదుగురికొకరు కిమ్. ఒట్టి కిమ్ అని రాస్తే ఎవరి ప్యాంటు ఎవరింటికి పోతుందో తెలియదు. అందుకని హియో 'కిమ్, పళ్ళ డాక్టరు', 'కిమ్, చర్చి', 'కిమ్, పొడుగు' అని రాసేవాడు. ఆయన తన భాషలో రాస్తే కింద హఫీజా ఇంగ్లీషులో రాసేది.

అబ్బాయి పెట్టెను ముందుకు చాపాడు. నడుం వరకూ వంగి ఏదో చెప్పాడు. హఫీజాకు కొరియన్ రాదు గానీ మాటల మధ్యలో మిన్‌జీ పేరు వినబడింది. మిన్‌జీ హియో కూతురు, ఒక్కతే కూతురు. అబ్బాయి పెట్టె మూత తీశాడు. తెల్లటి వలల్లో చుట్టిన పన్నెండు బేరిపండ్లు, ఒక్కోటి పసిబిడ్డ తలంత ఉంది. సెప్టెంబరులో ఇక్కడ బేరిపండ్లు కాయవు. ఏ శీతల గిడ్డంగికో పోయి, నిలవున్నవాటిలోంచి మచ్చలేనివి ఏరుకుని ఉంటాడు.

హియో పండ్ల వైపు చూడలేదు. ఒక్క మాట అడిగాడు. ఆ మాట హఫీజాకు తెలుసు. బొన్‌గ్వాన్. ఇంటిపేరు మొలిచిన ఊరు.

"కిమ్‌హే," అన్నాడు అబ్బాయి.

వేరే ఊరి పేరేదైనా చెప్పి ఉండొచ్చు. ఎన్ని ఊళ్ళ కిమ్‌లు లేరు! ఎవరు పోయి తరచి చూస్తారు? అతనికి అబద్ధం తోచలేదు, లేకపోతే తోచినా ఆడలేదు.

హియో పెట్టె మూత వేశాడు. అట్ట రెక్కను లోపలికి దోపి, పెట్టెను రెండు చేతులతో ఎత్తి, తల వంచి అబ్బాయి చేతుల్లో పెట్టేశాడు. విసిరికొట్టినా హఫీజాకు అంత కష్టంగా ఉండేది కాదేమో. అంత మర్యాదగా వెనక్కిచ్చినదాన్ని మళ్ళీ ముందుకు చాపడం ఎవరివల్ల అవుతుంది? అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ వంగి, పెట్టెతో తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

ప్యాంటు మాత్రం ఉండిపోయింది. తీసుకున్న పనిని తిప్పి పంపడం హియో వృత్తిలో లేదు. అలాగని కుట్టనూ లేదు. కొక్కేనికి తగిలించాడు. చీటీ మీద 'కిమ్' తర్వాత ఖాళీ అలాగే ఉంది.

"ఆ అబ్బాయి ఏం తప్పు చేశాడంకుల్?" ఉండబట్టలేక అడిగింది హఫీజా.

"తప్పు లేదు," అన్నాడాయన తనకొచ్చిన ఇంగ్లీషులో. "మంచి అబ్బాయి. కానీ అన్న. మిన్‌జీకి అన్న."

ఆ కథ ఆమెకు కొత్త కాదు. ఏడాదిన్నర కిందట, కిటికీకి అంటించిన కాగితం చూసి పని అడగడానికి వచ్చిన రోజు, కుట్టించి చూడకముందే ఆయన అడిగాడు: "ఇండియా?" అవునంది. అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు. రెండువేల ఏళ్ళ కింద నీ దేశం నుంచి పదహారేళ్ళ పిల్ల ఓడెక్కి మా దేశం వచ్చింది. అలలకు ఓడ తూలకుండా రాళ్ళు వేసుకొచ్చింది. కిమ్‌హే రాజు ఆమెను చేసుకున్నాడు. పదిమంది కొడుకులు. ముసలితనంలో ఆమె అడిగింది: నా ఇంటిపేరు నాతోనే పోతుంది, ఇద్దరు కొడుకులకు అది ఇవ్వు అని. రాజు ఇచ్చాడు. ఆ ఇద్దరి పిల్లలం మేం, హియోలం. మిగతావాళ్ళ పిల్లలు కిమ్‌హే కిమ్‌లు. ఒక తల్లి, ఒక తండ్రి. అందుకే వాళ్ళకూ మాకూ పెళ్ళిళ్ళు లేవు.

"మీ ఊళ్ళో రాళ్ళున్నాయా?" అని అడిగాడు ఆ రోజే.

"మాది మార్కాపురం అంకుల్. పలకలు తీస్తారు. పిల్లలు రాసుకునేవి."

"రాళ్ళే!" అని ఆయన తొడ చరుచుకున్నాడు. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. తాను మామ్మ అని పిలుచుకునే ఆ రాణి ఓడెక్కిన ఊరు ఎక్కడుందో ఎవరికీ నికరంగా తెలియదనీ, కొందరు అయోధ్య అంటారనీ తర్వాతెప్పుడో చెప్పాడు. ఆ ఊరిని తన పుట్టిల్లంటే నవ్వేవాళ్ళు హఫీజాకు తెలుసు. నవ్వనివాళ్ళూ తెలుసు.

ఏటా కొత్త టెలిఫోన్ పుస్తకం రాగానే హియో పెన్సిలు పట్టుకుని తన ఇంటిపేరు వెతుక్కుంటాడు. సిడ్నీ మొత్తానికి ఒక చిన్న గుంపు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బొన్‌గ్వాన్ అడుగుతాడు. కిమ్‌హే అన్నారంటే టిక్కు పెట్టి, మేనల్లుడు దొరికినంత సంబరంగా పది నిమిషాలు మాట్లాడతాడు. కిమ్‌ల పేజీలు ఎప్పుడూ తెరవడు. "అది సముద్రం," అంటాడు. "ఎవడు లెక్కపెడతాడు?"

బుధవారం కాత్యాయని వచ్చింది. విజయవాడ మనిషి. వాళ్ళాయనా హఫీజా భర్తా ఒకే బ్యాంకులో, ఒకే అంతస్తులో రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే పని మీద ఉన్నారు. రెండు ప్యాంట్లు కౌంటర్ మీద పడేసి, "ఇంటికి రావట్లేదు తల్లీ మా ఆయన. నైంత్ సెప్టెంబర్‌కి తేదీలో అన్నీ తొమ్మిదులే, ఏదో అవుతుందని అంత హడావిడి చేశారా, ఏమీ అవలేదు. ఇప్పుడు డిసెంబర్ అంటున్నారు. నడుం మాత్రం రెండంగుళాలు పెరిగింది. కాస్త వదులు చెయ్యి," అంది.

హియో పలకరించాడు. మాటల్లో మాటగా, ఒకే వంశం వాళ్ళు ఇండియాలో పెళ్ళి చేసుకుంటారా అని అడిగాడు.

"అయ్యో, నో నో అంకుల్!" కాత్యాయని చేతులు రెండూ ఊపింది. "మాకు గోత్రం అని ఉంటుంది. సేమ్ గోత్రం అయితే బ్రదర్, సిస్టర్. వెయ్యేళ్ళు కానీ, టూ థౌజండ్ కానీ. నో మ్యారేజ్."

హియో హఫీజా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు. కాత్యాయని కూడా ఆమె వైపు వంగి తెలుగులో గొంతు తగ్గించింది.

"మీలో ఎలాగో నాకు సరిగ్గా తెలీదనుకో. బాబాయి కొడుకుల్ని కూడా చేసుకుంటారంటగా? నాకైతే వినడానికే అదోలా ఉంటుంది బాబూ. ఏమనుకోకేం."

హఫీజా ప్యాంటు నడుం పట్టీ తిరగేసి చూస్తోంది. "అందరూ కాదులే," అంది.

అన్నాక గుండుసూది వేలికి గుచ్చుకుంది. రక్తం గుడ్డకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది.

కాత్యాయని వెళ్ళాక హియో దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "శుక్రవారం మా పండుగ. పెద్దలకు అన్నం పెట్టే రోజు. నువ్వు మా ఇంటికి రావాలి. మిన్‌జీ నా మాట వినదు. నువ్వు మామ్మ ఊరి దానివి. మామ్మ ఊళ్ళో ఎలా ఉంటుందో నువ్వు చెప్పు."

"నేనా అంకుల్?"

"నీ పళ్ళెం వేరే పెడతాను. పంది మాంసం ఉండదు. కొత్త గిన్నెలు."

ఆ కొత్త గిన్నెల మాటకు ఆమె కాదనలేకపోయింది.

లకెంబాలో ఇంటికొచ్చి అన్నం వార్చి, పప్పులో తాలింపు వేస్తున్నప్పుడు గియాసుద్దీన్ వచ్చాడు. తొమ్మిదేళ్ళ కూతురు నిదా టీవీ ముందు నుంచి లేవకుండానే, "అబ్బా, యూ ఆర్ ఎర్లీ!" అంది.

"ఇవాళ తొందరగా వదిలారే. సండే పొద్దున్నుంచి ఫుల్ రన్ ఉంది." అతను బల్ల దగ్గర కూలబడ్డాడు. "ఇవాళొక తమాషా. డెబ్భై నాలుగులో ఎవడో రాసిన ప్రోగ్రాం తెరిచా. మధ్యలో ఒక లైను రాసి, దీన్ని తాకవద్దు అని పెట్టాడు. ఎందుకో రాయలేదు. పాతికేళ్ళుగా వచ్చినవాడల్లా దాన్ని చూసి, దణ్ణం పెట్టి పక్కకి పోయాడు."

"మీరు తాకారా?"

"చెమటలు పట్టాయనుకో. తీసేసి రన్ చేశా. ఏమీ అవలేదు. ఎప్పుడో మూసేసిన ఒక బ్రాంచి కోసం రాసిందంట అది. దాన్ని కనిపెట్టింది మా జిన్‌వూయే. మిన్‌జీ పక్క సీటు. ఆ ఇద్దరికీ టెస్టింగ్ వీకెండ్లలోనే కుదిరింది. పాపం, నిన్నటి నుంచి వాడు మాట్లాడట్లేదు."

హఫీజా బేరిపండ్ల పెట్టె సంగతి చెప్పింది. శుక్రవారం తనను ఏం చెప్పమన్నాడో కూడా చెప్పింది. అతను చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు.

"మన సంగతి చెప్తావా ఏంటి?"

ఆమె కంచాలు తీసి బల్ల మీద సర్దింది.

"వద్దు హఫీజా. ఆ మధ్య లంచ్‌లో ఒకడు కజిన్స్ పెళ్ళి మీద జోకేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఏం చేస్తాను? ఆయనకి తెలిస్తే నిన్ను చూసే చూపు మారిపోతుంది. ఉద్యోగం సరే, ఇంకోటి చూసుకోవచ్చు. ఆ చూపు... నువ్వు తట్టుకోలేవు."

"తెలీదని చెప్తాను లెండి," అంది ఆమె, అన్నం గిన్నె బల్ల మీద పెడుతూ.

నిజానికి పెళ్ళి ఖాయమయ్యే రోజు దాకా ఆమె అతన్ని గియాస్ భాయ్ అనే పిలిచింది. ఒకే వాకిలి, రెండు వంటిళ్ళు. పెళ్ళినాడు ఈ గదిలోంచి ఆ గదిలోకి పోవడానికి ఏడవాలా వద్దా అని ఆడవాళ్ళు వేళాకోళమాడారు. మార్కాపురంలో అదేమంత పెద్ద విషయం కాదు. ఇక్కడికి వచ్చాకే అది దాచుకునే విషయం అయింది.

గురువారం భోజనం వేళకు మిన్‌జీ వచ్చింది. తండ్రి బ్యాంకు పని మీద బయటికి పోయాడని చూసుకునే వచ్చింది. వచ్చీ రాగానే కొక్కేనికి వేలాడుతున్న నల్ల ప్యాంటును పట్టుకుని చూసింది. సుద్దగీత అలాగే ఉంది.

"అది సాకు ఆంటీ. వాడికి ఆ ప్యాంటు పొట్టిగానే ఉంది. డాడ్‌తో మాట్లాడటానికి ఏదో ఒకటి తేవాలని తెచ్చాడు."

హఫీజా డబ్బా తెరిచి రొట్టె ముక్క ఇచ్చింది. మిన్‌జీ తీసుకుంది గానీ తినలేదు.

"చట్టంలో కూడా లేదిది. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు అయితే చేసుకోకూడదని కొరియాలో చట్టం ఉండేది. దాన్నే కోర్టు కొట్టేసింది. మావి అసలు రెండు వేర్వేరు పేర్లు! డాడ్ ఏమంటారో తెలుసా? చట్టంలో లేకపోతే ఏం, ఇంట్లో ఉంది అంటారు. ఇల్లంటే బూసాన్‌లో పెదనాన్న. ఆయన మాట డాడ్ ఎప్పుడూ దాటలేదు."

"నువ్వేం చేస్తావు మరి?"

"కాన్‌బెరాలో జిన్‌వూకి కాంట్రాక్ట్ వచ్చింది. జనవరిలో వెళ్ళిపోతాం." ఆమె గొంతు బాగానే ఉంది, రొట్టె ముక్క మాత్రం వేళ్ళ మధ్య పొడిపొడి అయిపోయింది. "అమ్మ పోయాక పండుగకి నేనొక్కదాన్నే డాడ్ పక్కన వంగి దణ్ణం పెడుతున్నాను. వచ్చే ఏడు ఆయన ఒక్కడే పెట్టుకుంటాడు. అదొక్కటే... రేపు డాడ్ మిమ్మల్ని అడుగుతారు. నా వైపు చెప్పమనట్లేదు ఆంటీ. మీ జాబ్ మీది. జస్ట్ తెలీదని చెప్పండి. ప్లీజ్."

"అలాగేనమ్మా," అంది హఫీజా. భర్తతో అన్న మాటే అది. రెండోసారి అంటుంటే ఇంకా తేలిగ్గా వచ్చింది నోట. అదే ఆమెకు నచ్చలేదు.

హియో ఇల్లు దుకాణం మీదే. శుక్రవారం మధ్యాహ్నం హఫీజా మెట్లెక్కేసరికి బల్ల నిండా పళ్ళేలు సిద్ధంగా ఉన్నాయి. చేప, కూరలు, పండ్లు, చంద్రవంక ఆకారంలో బియ్యప్పిండి కుడుములు. బల్ల మధ్యన మిన్‌జీ వాళ్ళమ్మ ఫోటో. ఆవిడ ఇంటిపేరు చోయ్. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా చోయ్‌గానే ఉంది. కొరియాలో ఆడవాళ్ళకు పెళ్ళితో ఇంటిపేరు మారదట.

హఫీజా గోడ పక్కన నిలబడింది. తండ్రీకూతుళ్ళిద్దరూ మోకాళ్ళ మీదికి వంగి, నుదురు నేలకు ఆనించి లేచారు. రెండోసారి లేచేటప్పుడు హియో ఎడమ మోకాలు పట్టేసింది. మిన్‌జీ అటు చూడకుండానే మోచేయి కింద చెయ్యి వేసి లేపింది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి.

తర్వాత భోజనానికి కూర్చున్నారు. హఫీజా ముందు నీలంపువ్వుల కొత్త గిన్నెలు. అడుగున ధర కాగితం గోకినా పూర్తిగా రాలేదు, వేలికి జిగురు తగిలింది. కుడుములో నువ్వులూ బెల్లపు రుచీ. అచ్చం దాదీ, నాన్నమ్మ, చేసే నువ్వుల కజ్జికాయలా ఉంది.

"చెప్పు," అన్నాడు హియో చెంచా పక్కన పెట్టి. "మామ్మ ఊళ్ళో ఎలా?"

మిన్‌జీ పళ్ళెంలోకి చూస్తోంది.

తెలీదు అనే మాట హఫీజా నాలుక మీదే ఉంది. కానీ వేలికి ఆ జిగురు అంటుకునే ఉంది. తనకోసం కొన్న గిన్నెలో తింటూ తెలీదనడం ఆమెకు చేతకాలేదు.

"కాత్యాయని చెప్పింది నిజమే అంకుల్. చేసుకోనివాళ్ళున్నారు."

హియో కూతురి వైపు తిరిగి తలూపాడు. అక్కడితో ఆగిపోవచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. మిన్‌జీ చాప్‌స్టిక్స్ రెండూ సమంగా చేర్చి, పళ్ళెం అంచున పెట్టి, చేతులు ఒళ్ళోకి తీసుకుంది. పెట్టె వెనక్కి తీసుకున్నప్పుడు ఆ అబ్బాయి చేతులు కూడా అంత నెమ్మదిగానే ఉన్నాయి.

"చేసుకునేవాళ్ళూ ఉన్నారంకుల్," అంది హఫీజా. "నేనున్నాను. మా నాన్న, మా ఆయన వాళ్ళ నాన్న సొంత అన్నదమ్ములు. ఒకే తల్లి, ఒకే తండ్రి. రెండువేల ఏళ్ళ కిందటి తల్లి కూడా కాదు. ఆవిడ చేతి ముద్దలు నేనూ తిన్నాను, ఆయనా తిన్నాడు."

హియోకు ఇంగ్లీషు అర్థం కాలేదేమోనని మిన్‌జీ వైపు చూసింది. అర్థమైంది. ఆయన మొహంలో కోపం రాలేదు, మరేదీ రాలేదు. బల్ల మీద నీళ్ళగ్లాసును అంగుళం పక్కకు జరిపాడు. మళ్ళీ అంగుళం వెనక్కు జరిపాడు.

"పదకొండేళ్ళయింది," అంది, ఇంకేం చెప్పాలో తెలియక. "ఒక పాప. బాగుంది. బాగా అల్లరి."

కింద వీధిలో బస్సు ఆగి, మళ్ళీ కదిలిన చప్పుడైంది. హియో లేచి పండ్లు కోయడానికి వంటింట్లోకి పోయాడు. ఎంతకీ రాలేదు. వచ్చాక, "రేపు దుకాణం తియ్యను," అన్నాడు. "సోమవారం రా."

మెట్ల మీద మిన్‌జీ హఫీజా చెయ్యి పట్టుకుంది. మెట్లన్నీ దిగేదాకా వదల్లేదు.

ఏడాదిన్నరలో హియో శనివారం దుకాణం మూసిన రోజు లేదు. ఆ రోజంతా హఫీజా ఇల్లు కడిగింది. దుకాణం తాళంచెవులు రెండూ కవర్లో పెట్టి సంచిలో వేసుకుంది, అడగకముందే ఇచ్చేస్తే గౌరవంగా ఉంటుందని. గియాసుద్దీన్ కవరు చూశాడు. వద్దన్నానా అని అంటాడనుకుంది. అనలేదు. ఆదివారం టెస్టింగ్‌కి పోతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, "ఈసారి లంచ్‌లో ఎవడైనా జోకేస్తే నేను నవ్వను," అన్నాడు. అని రైలుకు టైమైందంటూ గబగబా వెళ్ళిపోయాడు.

సోమవారం ఆమె పది నిమిషాలు ముందే చేరింది. దుకాణం షట్టరు అప్పటికే పైకెత్తి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. సంచిలో కవరు పట్టుకునే తలుపు తోసింది.

హియో కౌంటర్ వెనక ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. ముందు టెలిఫోన్ పుస్తకం. తలెత్తకుండానే కొక్కేల వైపు చెయ్యి చూపాడు.

నల్ల ప్యాంటు ఇస్త్రీ చేసి ఉంది. హఫీజా కాలి అంచు తిరగేసి చూసింది. సుద్దగీత ప్రకారం తగ్గించలేదు, పైగా ఒకటిన్నర సెంటీమీటరు కిందికి వదిలాడు. అబ్బాయి పొడుగు ఆ రోజే కంటితో కొలిచి ఉంటాడు. మెషిన్ మీద కాదు, చేత్తో తురుపాయి చేశాడు. కుట్టు పైకి ఎక్కడా కనబడదు. పెళ్ళిబట్టలకు తప్ప ఆయన అలా చేయడు. చీటీ మీద 'కిమ్' తర్వాత ఏదో రాసి ఉంది.

"కింద ఇంగ్లీషు రాయి," అన్నాడు. "ఫ్యామిలీ అని."

ఆమె పెన్సిలు తీసుకుంది గానీ వెంటనే రాయలేకపోయింది.

"పెళ్ళికి ముందు నీ భర్తను ఏమని పిలిచావు?" అని అడిగాడు హియో.

"భాయ్ అని. అన్న అంకుల్."

"ఇప్పుడు?"

"ఏమండీ అంటాను. కొత్తలో ఒక నెల నోరు జారేది. మా అత్త, అంటే మా పెద్దమ్మే, పడీ పడీ నవ్వేది."

"నవ్వేది," అన్నాడు హియో. "శనివారం మా అన్నకు ఫోన్ చేశాను. బూసాన్. ఎనభై ఒక్క ఏళ్ళు. నేనెప్పుడూ అన్న మాట దాటలేదు. దాటాలంటే అన్నకన్నా పెద్దవాళ్ళు చెప్పాలి. మామ్మకన్నా పెద్ద ఎవరున్నారు మాకు? అందుకని చెప్పాను. మామ్మ పుట్టింటి నుంచి మనిషి వచ్చింది, మన ఇంట్లో కూర్చుని అన్నం తిన్నది, మా ఊళ్ళో చేసుకుంటారు అని తన నోటితో చెప్పింది అని."

"అంకుల్!" హఫీజాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. "నాది ఆ ఊరు కాదంకుల్. మాది మార్కాపురం. ఆ ఊరికీ నాకూ ఏ సంబంధమూ లేదు."

"నాకు తెలుసు. మ్యాపు చూశాను. చాలా దూరం." ఆయన పెన్సిలును చెవి మీద సర్దుకున్నాడు. "అన్నకు తెలియక్కర్లేదు."

"ఆయనేమన్నారు?"

"చాలాసేపు మాట్లాడలేదు. లైను పోయిందనుకున్నాను. తర్వాత అన్నాడు, పుట్టింటివాళ్ళకే లేని అభ్యంతరం మనకెందుకు అని. తర్వాత పెళ్ళికి టిక్కెట్టు ఎంత అని అడిగాడు."

హఫీజా స్టూలు మీద కూర్చుంది. రెండు రోజులుగా భుజాలు బిగబట్టి ఉంచానని అవి కిందికి దిగాక తెలిసింది. సంచిలోని కవరును ఇంకాస్త అడుక్కి తోసి, పైన టిఫిన్ డబ్బా పెట్టింది. చీటీ అందుకుని ఫ్యామిలీ అని రాసింది. అక్షరాలు కొంచెం పెద్దగానే పడ్డాయి.

"మిన్‌జీకి చెప్పారా?"

"ముందు ఆ అబ్బాయి తండ్రితో మాట్లాడాలి. అది పద్ధతి. ఆ అబ్బాయి మంగళవారమే చెప్పాడు, పేరు వై. ఎస్. కిమ్. స్ట్రాత్‌ఫీల్డ్. టైల్స్ పని." ఆయన పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. "కళ్ళద్దాలు పైన మర్చిపోయాను. నువ్వు వెతుకు."

"మిన్‌జీనడిగితే నంబరు ఇస్తుంది కదంకుల్."

"పెళ్ళి మాట మాట్లాడటానికి తండ్రి పోయి కూతుర్ని నంబరడుగుతాడా?"

అదీ నిజమే. హఫీజా పుస్తకం దగ్గరికి లాక్కుంది. కిమ్‌ల పేజీలు. ఎవరూ తెరవకపోవడంతో కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. వరస తర్వాత వరస, పేజీ తిప్పితే మళ్ళీ కిమ్, మళ్ళీ కిమ్. స్ట్రాత్‌ఫీల్డ్‌లోనే వై. కిమ్‌లు ఏడుగురు తేలారు. ఆమె వేలు కింద ఉంచి నంబరు చదివితే హియో గుండ్రటి మీటలు నొక్కాడు.

మొదటి కిమ్‌ను, పలకరింపు అవగానే, అలవాటు కొద్దీ బొన్‌గ్వాన్ అడిగాడు. "గ్వాంగ్‌సన్," అన్నట్టుంది. టైల్స్ పని కూడా కాదు. రెండో కిమ్‌నూ అడిగాడు. అతను ఏదో విసుక్కుని పెట్టేశాడు. మూడో కిమ్ ఒక ముసలావిడ. హియోను ఓ పట్టాన వదల్లేదు. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "కిమ్, చర్చి!" అన్నాడు గుసగుసగా. "కోటు రెండు నెలలుగా మన దగ్గరే ఉందట. నిన్న చర్చిలో చలి వేసిందట." హఫీజా కొక్కేల చివర ఊదారంగు కోటు కోసం చూసి, నోరు మూసుకుని నవ్వింది.

నాలుగో నంబరు మూడుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. హియో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. టేపు మెడలోంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు. మాటల్లో మిన్‌జీ పేరు వచ్చింది, జిన్‌వూ పేరు వచ్చింది. అవతలి గొంతు ఒక్కసారిగా గట్టిగా వినబడి, అంతలోనే వణికింది. కనబడని మనిషికి హియో నడుం వంచి దణ్ణం పెట్టాడు. బేరిపండ్ల మాట కూడా వచ్చినట్టుంది, ఎందుకంటే రెండు చేతులూ పెట్టె అందుకుంటున్నట్టు ముందుకొచ్చి, ఫోను జారబోతే పట్టుకున్నాడు.

హఫీజా ఆ ఒక్క మాట కోసం చూస్తూ ఉంది. బొన్‌గ్వాన్. ఆయన అడగలేదు. బట్టల ధర గురించీ, తేదీల గురించీ అయి ఉండాలి, వేళ్ళ మీద ఏవో లెక్కపెడుతూ చాలాసేపు మాట్లాడాడు. అడగలేదు.

ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు. హఫీజా వేలు ఇంకా ఆ పేరు కిందే ఉంది. వేలిని కాస్త పక్కకు జరిపి, కిమ్‌ల పేజీలో మొదటి టిక్కు పెట్టాడు.